బండి వెనక బియ్యం బస్తాలు

ఆంటీ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను వాకిట్లో ఉన్నాను. డబ్బా పట్టుకుని బండి వెనక తొట్టిలోంచి ఆ పూట వంటకి బియ్యం తీసుకుంటున్నాను. ఇంట్లో ఫోన్ మోగుతుంటే మట్టి బూట్లతోనే లోపలికి పరుగెత్తాను. మెల్‌బోర్న్ ఆస్పత్రి నుంచి వాళ్లబ్బాయి. "అక్కా, మమ్ ఈజ్ గాన్," అన్నాడు.  ఎవరు ముందు ఫోన్ పెట్టేశామో గుర్తులేదు. చేతిలో డబ్బా అలాగే ఉంది. ఆ బియ్యం ఆవిడవి. ఆవిడ లేకుండా నేనొక్కదాన్నీ వండుకుని తినడం ఎలాగో తెలియలేదు. మళ్లీ వాకిట్లోకి వెళ్లి ఆ బియ్యాన్ని బస్తాలోనే పోసేశాను.

బియ్యం వంటింట్లో ఉండాలి గానీ బండిలో ఎందుకున్నాయని మీరు అడుగుతారు. మొదటిసారి నేనూ అడిగాను.

ఆంటీ డాక్టరు. సొంతూరు తెనాలి. పెళ్లయిన కొత్తలోనే భర్తతో ఆస్ట్రేలియా వచ్చి, విక్టోరియాలో మంచుకొండల కిందున్న ఓ చిన్న ఊళ్లో ప్రాక్టీసు పెట్టారు. భర్త పోయాక కూడా ఆ ఊరు వదల్లేదు. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా చలికాలం. ఆ నెలల్లో జనం కొండ మీదికి మంచులో ఆడుకోవడానికి వస్తారు. వాళ్లకి వండిపెట్టేవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లు, రోడ్డు మీద మంచు తోసే బండ్లు నడిపేవాళ్లు ఆ నాలుగు నెలలూ పైనే ఉంటారు. వాళ్లకి జ్వరమొచ్చినా, చెయ్యి తెగినా చూసే దిక్కు మా ఆంటీయే. వారంలో రెండు రోజులు తన పాత యూట్‌లో కొండెక్కి పైన క్లినిక్ తెరిచేవారు.

యూట్ అంటే ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, వెనక పైకప్పు లేని తొట్టి ఉండే బండి. ఇంజను బరువంతా ముందే ఉంటుంది, తిరిగేవేమో వెనక చక్రాలు. తొట్టి ఖాళీగా ఉంటే మంచు మీద ఆ చక్రాలకి పట్టు దొరకదు. మలుపులో వెనక భాగం తోక ఊపినట్టు పక్కకి పోతుంది. అందుకని ఆ ఊరివాళ్లు చలికాలం రాగానే తొట్టిలో ఇసుక బస్తాలు వేసుకుంటారు. ఆంటీ మాత్రం మెల్‌బోర్న్ వెళ్లి ఇండియన్ షాపులో బియ్యం బస్తాలు కొని, ప్లాస్టిక్‌లో చుట్టి, పైన బరకం కట్టి తెచ్చుకునేవారు.

"ఎలాగూ మొయ్యాలి కదమ్మాయ్. ఇసుక మోసి ఏం చేసుకుంటాం, వండుకు తింటామా?" అన్నారు నేనడిగితే.

చలికాలమంతా మా ఇంట్లో బియ్యం అలా బండిలోంచే వచ్చేవి. వంటకి తీసేకొద్దీ బస్తాలు తగ్గేవి. కొండ మీద మంచూ తగ్గేది. చివరి బస్తా అయిపోయే నాటికి వసంతం వచ్చేయాలని ఆవిడ లెక్క.

"మా ఇంట్లో" అన్నాను చూడండి. నేను ఆవిడకి చుట్టాన్ని కాదు, అద్దెకున్నదాన్ని. తొంభైతొమ్మిదిలో వచ్చాను. కొండ కింద జలవిద్యుత్ కేంద్రంలో పాత కంప్యూటర్లుండేవి. రెండువేల సంవత్సరం వస్తే వాటికి తేదీలు తికమకవుతాయని ప్రపంచమంతా భయపడుతున్న రోజులు. అమీర్‌పేటలో ఆ పాత కంప్యూటర్ల భాష కోబాల్ నేర్చుకున్న నాలాంటి వాళ్లని ఎక్కడెక్కడికో పిలిచారు. బెజవాడ ఎండల్లో పెరిగినదాన్ని, జూన్ నెలలో స్వెట్టర్లో దిగాను. ఊళ్లో తెలుగు డాక్టరమ్మ ఉందని ఆఫీసులో చెబితే పెట్టెతో వెళ్లి తలుపు కొట్టాను. గంబూట్లు, మోకాళ్ల దాకా కోటు, ఉన్ని టోపీ, దాని కింద రూపాయి బిళ్లంత బొట్టుతో ఒకావిడ తలుపు తీశారు. నన్ను ఎగాదిగా చూసి, "ముందు ఆ చెప్పులు అవతల పారేయ్," అన్నారు. అదీ మా మొదటి పలకరింపు.

ఆ బొట్టు గురించి ఒకసారి మెల్‌బోర్న్ నుంచి వచ్చిన పెద్దావిడెవరో ఏదో అనబోయారు. "చిన్నప్పట్నుంచీ పెట్టుకుంటున్నానండీ. ఆయన కంటే ముందు నుంచీ ఉంది," అన్నారు ఆంటీ నవ్వుతూ. ఆవిడకి కాఫీ మాత్రం మర్యాదగానే ఇచ్చారు.

కొత్త సంవత్సరం వచ్చింది. ఎక్కడా లైటు ఆరలేదు. ఏమీ జరగలేదు కదా, మీరంతా చేసిందేమిటని ఫోన్లలో చుట్టాలు ఎగతాళి చేస్తే నాకు చిన్నతనంగా అనిపించింది. "ఏమీ జరగకుండా చూడ్డమే కదే పని! నేను చేసేదీ అదే. జ్వరం రాని వాడు వచ్చి నాకు దణ్ణం పెడతాడేమిటి?" అన్నారు ఆంటీ. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

కాంట్రాక్టు అయిపోయాక మెల్‌బోర్న్ శివార్లలోని క్లేటన్‌లో మరో ఉద్యోగం దొరికింది. ఆ చలికాలంలో ఒక శనివారం ఆఫీసు కుర్రాళ్లని వాళ్ల కారులోనే వెంటబెట్టుకుని మంచు చూపిస్తానని తీసుకొచ్చాను. అందరూ కాన్వాసు బూట్లే. సాయంత్రానికి సాక్సులు తడిసి, పళ్లు టకటకమంటూ ఆంటీ ఇంట్లో హీటరు చుట్టూ చేరారు. ఆవిడ పెద్ద గిన్నె ఎక్కించి పులిహోర కలిపారు. అది చాలక మళ్లీ ఎక్కించారు. మర్నాడు వెళ్లేటప్పుడు తలా కాసిని బియ్యం కూడా మూట కట్టి ఇచ్చారు. ఆంధ్రాలో కరువొచ్చినట్టు తీసుకున్నారు వెధవలు. నేను లెక్క చూసుకోలేదు. తొట్టి అడుగు కనిపిస్తోంది. చలికాలం ఇంకా సగం కూడా కాలేదు.

నేను సెలవు పెట్టి సోమవారం ఆవిడతో కొండెక్కాను. వెళ్లేటప్పుడు ఎలాగో వెళ్లాం. తిరిగి దిగేటప్పుడు క్లినిక్ ముందే బండి వెనక భాగం జర్రున పక్కకి పోయింది. నేను కెవ్వున అరిచాను. ఆంటీ తాపీగా బండి ఆపి, "పార తియ్," అన్నారు. ఇద్దరం రోడ్డు పక్కనున్న మంచుని పారలతో ఎత్తి తొట్టి నింపాం. మంచు తోసే బండి నడిపే ఒకాయన, చేతికి ఆంటీ వేసిన కుట్లతో, దూరం నుంచి చూసి నవ్వుతున్నాడు. "మంచులో నడవడానికి మంచేనా ఆంటీ?" అన్నాను. "దానికి కావాల్సింది బరువమ్మాయ్. బియ్యమా, మంచా అని అడగదు," అన్నారు.

ఈ ఏడు మేలో మా కంపెనీ మూతపడింది. డాట్‌కామ్‌లన్నీ వరసగా కూలుతున్నాయి, క్లేటన్‌లో ఏ ఇంట్లో చూసినా పగటిపూట ఇంజనీర్లే. ఆంటీకి ఫోన్ చేసి ఏడ్చాను. ఆవిడ అంతా విని, "ఊరికే కూర్చోక వచ్చేయ్. నాకు డ్రైవరు కావాలి," అన్నారు.

వేళాకోళం అనుకున్నాను. వెళ్లాక తెలిసింది. ఆవిడకి చూపు మసకబారుతోంది, ఆపరేషన్‌తో బాగయ్యే రకం కాదట. మామూలు రోడ్డు మీద ఫర్వాలేదు గానీ తెల్లటి మంచులో ఏది రోడ్డో ఏది గట్టో తెలియడం లేదు. వాళ్లబ్బాయి సిడ్నీలో, వెస్ట్‌మీడ్ ఆస్పత్రిలో డాక్టరు. వచ్చేయమని రోజూ పోరుతున్నాడు. బండి నడిపేవాళ్లు దొరక్కపోతే పైన క్లినిక్ మూసేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోవాల్సిందే. "నేను దిగిపోతే పైవాళ్ల గతేమిటే?" అన్నారు. 

అలా నేర్చుకున్నాను. చక్రాలకి గొలుసులు కట్టడం, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే కొక్కెం తగిలించడం. పట్నం డీజిల్ చలికి పేరుకుపోతుందని, కొండ కింద బంకులోనే పోయించుకోవడం. ఆపేటప్పుడు హ్యాండ్ బ్రేకు వేస్తే గడ్డకట్టుకుపోతుందని, గేరులో పెట్టి వదిలేయడం. ఒకరోజు అద్దం మీద మంచు కరుగుతుందని మరిగే నీళ్లు తెచ్చి పోశాను. అద్దం ఈ చివర నుంచి ఆ చివరకి చిట్లింది. "కాఫీ ఇవ్వకపోయావా దానికి," అన్నారంతే. మొదటి వారంలోనే బ్రేకు తొక్కి బండిని కాలువలోకి దించాను. ఆవిడ సీటు బెల్టుకి వేలాడుతూ, "కంగారు చేతిలో ఉండదే, కాల్లో ఉంటుంది. ముందు ఆ కాలు తియ్," అన్నారు. ఎటు జారితే అటే తిప్పు, దానితో దెబ్బలాడకు, అని అక్కడే మళ్లీ మొదటి నుంచి చెప్పారు.

ఎంత నేర్చుకున్నా ఆవిడ ఎడమ పక్కన లేకుండా ఆ రోడ్డెక్కడానికి నాకు ధైర్యం చాలలేదు. "ఒక్క రోజు నువ్వొక్కదానివే వెళ్లి మందులు ఇచ్చి రా. నేను మెట్ల మీద కూర్చుని చూస్తుంటా," అనేవారు. వచ్చే వారం ఆంటీ, అనేదాన్ని. "ఏం, నేను ఉప్పు బస్తాలా పక్కనుంటేనే కదులుతుందా నీ బండి?" అని ఉడికించేవారు. వచ్చే వారం వచ్చేది, మళ్లీ ఇద్దరం వెళ్లేవాళ్లం.

ఆగస్టులో ఒకరోజు వంటింట్లో కూలబడిపోయారు. అంబులెన్సులో మెల్‌బోర్న్ తీసుకెళ్లారు. మళ్లీ రాలేదు.

దహనం మెల్‌బోర్న్‌లో జరిగింది. కొండ మీద అది మంచి సీజను, పైవాళ్లెవరికీ దిగే వీల్లేదు. అస్థికలు తీసుకుని వాళ్లబ్బాయి సిడ్నీ వెళ్లాడు. నేను బస్సులో ఆ ఇంటికి తిరిగొచ్చాను. రెండు రోజులకి మంచు తోసే బండి ఆయన ఫోన్ చేశాడు. పైవాళ్లందరికీ ఆంటీ డాక్. డాక్ కోసం మేమంతా ఒకపూట కలిసి కూర్చోవాలనుకుంటున్నాం, ఆవిడ చేసే ఆ పసుపుపచ్చ అన్నం నువ్వు చేయగలవా, అని అడిగాడు. చేస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక గానీ అర్థం కాలేదు, పైకి వెళ్లాలంటే నేనొక్కదాన్నే నడపాలని.

కొండ మొదట్లో గొలుసులు కట్టాను. గేటు దగ్గర బండ్లు చూసి పంపే మనిషి ఎప్పుడూ బరకం మీద తట్టి, "వాట్స్ అండర్ దేర్, డాక్?" అనడం, ఆంటీ "డిన్నర్!" అనడం వాళ్లిద్దరికీ ఓ ఆట. ఆ రోజు అతను అలవాటుగా తట్టి, ఖాళీగా ఉన్న ఎడమ సీటు చూసి టోపీ తీసేశాడు. "డిన్నర్," అన్నాను నేనే.  ఎక్కేటప్పుడు బండి ఎక్కడా జారలేదు. ఆవిడ బియ్యం వెనక ఉన్నాయి.

పైన హోటలు వంటింట్లో, తొట్టిలోంచి దించిన బియ్యమంతా వండేశాను. ఎవరూ ఉపన్యాసాలు చేయలేదు. బూట్లతో, తడి కోట్లతో వచ్చి పళ్లాలు పట్టుకుని గోడల వెంట కూర్చుని తిన్నారు. ఒకమ్మాయి పల్లీలు ఏరుకుని తింటూ ఏడ్చింది. ఖాళీ బస్తాలు దులిపి మడతపెట్టాను.

బయటికి వస్తే మంచు పడుతోంది. బండి కదిలించానో లేదో వెనక భాగం పక్కకి పోయింది, హోటలు పక్కనున్న క్లినిక్ ముందు, సరిగ్గా ఆ రోజు ఆంటీతో దిగేటప్పుడు పోయిన చోటే. కాలు తీసేశాను. బండి ఆగింది. స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. నా వల్ల కాదు ఆంటీ, అని పైకే అన్నాను.

వెనక నుంచి ధబ్‌మని చప్పుడు. అద్దంలో చూస్తే మంచు బండి ఆయన పారతో మంచు ఎత్తి తొట్టిలో వేస్తున్నాడు. హోటల్లోంచి మరికొందరు పారలు తెచ్చారు. నేను కూడా దిగి ఎత్తాను. తొట్టి నిండాక ఆయన బరకం బిగించి కట్టి, "షీ విల్ హోల్డ్ నౌ," అన్నాడు. బండి గురించే అన్నాడు లెండి. రెండో గేరులో, బ్రేకు ముట్టుకోకుండా, ఒక్కదాన్నే దిగాను.

వాకిట్లో బండి ఆపి గేరులో వదిలాను. మెట్ల వైపు చూశాను. చూడకూడదనుకుంటూనే చూశాను. ఎవరూ లేరు. వెళ్లి నేనే ఆ మెట్ల మీద కూర్చున్నాను. తొట్టి వెనక తలుపు సందులోంచి చుక్క చుక్కగా నీళ్లు కారుతున్నాయి. తలుపు తీసి మంచు దించేయొచ్చు. చేతులు రాలేదు.

పొద్దున్నే లేచి, అలవాటు కొద్దీ డబ్బా పట్టుకుని బండి దగ్గరికి వెళ్లాను. బరకం ఎత్తాను. మంచు చాలావరకు కరిగిపోయింది. మూలల్లో మిగిలిన నీళ్లల్లో, ఎప్పుడు బస్తాల్లోంచి రాలాయో, కాసిని బియ్యపు గింజలు నాని ఉబ్బి తెల్లగా ఉన్నాయి.