బాలాత్రిపురసుందరిగారి పక్కవాళ్ళు

డాక్టర్ బాలాత్రిపురసుందరిగారికి తప్పు చేసినవాళ్ళ మీద కోపం రాదు. వాళ్ళ పక్కనున్నవాళ్ళ మీద వస్తుంది.

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఎవడో కుళ్ళిన పాయలు రోడ్డు మీద పారబోస్తే, వాణ్ణి పల్లెత్తు మాట అనకుండా ఎదురు కొట్టు నరసరాజుగారి మీదికి వెళ్ళారు.

"నేను పొయ్యలేదండీ బాబూ!"

"పోస్తుంటే చూశారా, లేదా?"

"చూశానండీ..."

"మరి?"

ఆ 'మరి'కి జవాబు చెప్పగల మొనగాడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. నరసరాజుగారే చీపురు పట్టుకున్నారు.

ఆవిడ ల్యాబ్‌లోనూ ఇదే గోల. రొమ్ము క్యాన్సర్ కణాల్ని గాజుపళ్ళెంలో విడిగా పెంచి మందు పోస్తే బుద్ధిగా చచ్చిపోతాయి. వాటినే, ఒంట్లో వాటి చుట్టూ ఉండే మామూలు కణాలతో కలిపి జున్నులాంటి జెల్‌లో పెంచితే అదే మందుకి చావవు. పక్కవి కాపు కాస్తాయి. "చూశారా! అంతా ఇరుగుపొరుగే!" అని మేడంగారు బల్ల గుద్దుతారు.

ఈ జెల్ పని రీసెర్చి చేస్తున్న లక్ష్మీప్రసన్నది. ఈ మధ్య ఆ పిల్ల పళ్ళేలు బూజు పడుతున్నాయి. తిట్లు మాత్రం తోటి విద్యార్థులు తేజశ్రీకి, ఉదయ్ కిరణ్‌కి. "పక్కబల్లే కదా, మీ కళ్ళేం చేస్తున్నాయి?" లక్ష్మీప్రసన్నకి ఒళ్ళు మండిపోయేది. తప్పు తనది, తిట్టేదేదో తననే తిట్టచ్చుగా! ఇదెక్కడి న్యాయం?

కానీ తన ధ్యాస ఎందుకు తప్పుతోందో ఎవరికీ చెప్పుకోలేదు. ముదినేపల్లిలో ఉండే వాళ్ళమ్మ మంగతాయారుకి అదే జబ్బు. ఏలూరు ఆస్పత్రిలో వారంపాటు ఉంచుకుని శుక్రవారం మందు ఎక్కిస్తారు, పక్కన కూర్చునే దిక్కు లేదు. ఆ రోజే కణాలకి మేత మార్చాలి. లేకపోతే నెలల తరబడి చేసిన పని బూడిదే.

శుక్రవారం మేడంగారు ల్యాబ్‌కి రాలేదు. తేజశ్రీ వచ్చి లక్ష్మీప్రసన్న చేతిలోని పిపెట్ లాక్కుంది.

"నువ్వు ఏలూరు వెళ్ళవే. ఇది మేం చూస్తాం."

"నీకెలా తెలుసు?"

"నువ్వు ఫోన్లో ఏడుస్తుంటే విని నిన్న మేడంకి చెప్పాను. ఇన్నాళ్ళూ ఎందుకు కనిపెట్టలేదని మా ఇద్దరికీ గడ్డి పెట్టారు. జబ్బు మీ అమ్మకి, తిట్లు మాకా!"

లక్ష్మీప్రసన్న ఆస్పత్రి మెట్లెక్కుతుండగానే వార్డులోంచి తెలిసిన గొంతు వినిపించింది.

"పక్కమంచం మనిషి ఒక్కత్తీ వాంతులు చేసుకుంటుంటే మీరు ఇడ్లీలు తింటారా?"

"ఆవిడెవరో మాకు తెలీదండీ."

"మరి? అడిగారా?"

లక్ష్మీప్రసన్న లోపలికి వెళ్ళేసరికి, ఇడ్లీలావిడ సూర్యకుమారి తన దిండు తీసి మంగతాయారు తలకింద పెడుతోంది. ఇంకొకావిడ బేసిను పట్టుకుంది. మరొకావిడ మజ్జిగ కలుపుతోంది. అందరూ మొహాలు గంటు పెట్టుకునే ఉన్నారు. మేడంగారు లక్ష్మీప్రసన్నని చూసి, "ఊరికే దారిలో తొంగి చూశాలే" అని గొణిగి, సంచీ తీసుకుని, "సోమవారం మళ్ళీ వస్తాను" అని వార్డంతటినీ బెదిరించి వెళ్ళిపోయారు.

మంగతాయారు నీరసంగానే నవ్వింది. "నాకింక భయం లేదే అమ్మాయ్."

సూర్యకుమారి గుమ్మం వైపు చూస్తూ గొంతు తగ్గించింది. "ఏవండీ, ఆవిడ నిజంగానే వస్తారా?"

"తప్పకుండా వస్తారండీ," అంది లక్ష్మీప్రసన్న.

సూర్యకుమారి దిండు ఇంకోసారి సర్దింది.