మా ముందుగదిలో డ్రాగన్

డిగ్రీ రోజుల్లో మార్కాపురం ఇంటర్నెట్ సెంటర్లో మేమంతా ఒళ్లు మరిచి ఆడిన ఆన్‌లైన్ ఆట ఒకటుండేది. దాని సర్వర్లు ఎప్పుడో మూసేశారు. నేనేమో మొండివాణ్ణి. పాత కంప్యూటర్ తెచ్చి, ఎక్కడెక్కడివో ఫైళ్లు ఎక్కించి, ఆ ఆటకు మా ఇంటి ముందుగదిలోనే సర్వర్ పెట్టేశాను. గిద్దలూరు, కొమరోలు, కనిగిరి, ఎక్కడెక్కడో ఉన్న స్నేహితులంతా మళ్లీ కత్తులు పట్టుకుని దిగారు. అబ్బ, ఏం సంబరమనుకున్నారు!

ఆ సంబరం కాస్తా కరెంటు చేతిలో ఉంది. రెండుసార్లు ఆటలోని డ్రాగన్ చావబోతుండగా కరెంటు పోయి సర్వర్ పడిపోయింది. "ఇంకోసారి పడిందంటే మేం రాంరా సామీ" అని తేల్చేశారు. అందుకే మళ్లీ డ్రాగన్ మీదికి పోదామనుకున్న ఆదివారం సర్వర్‌ను ఇన్వర్టర్‌కు తగిలించాను.

మధ్యాహ్నం అదే గదిలో అమ్మ పెట్టుకున్న ప్రార్థన కూడిక. డ్రాగన్ మీద మొదటి దెబ్బ పడిందో లేదో, కరెంటు పోయింది. ముసలి ఇన్వర్టర్ ఫ్యానునూ సర్వర్‌నూ మోయలేక కూతలు మొదలుపెట్టింది.

"ఏందిరా అది? పీకెయ్" అంది కూడికకొచ్చిన ఒక అత్త, చెమట తుడుచుకుంటూ.

నేను ప్లగ్గుకు అడ్డం నిలబడ్డాను. "అందులో మనుషులున్నారత్తా! తీస్తే అందరూ పోతారు. మళ్లా రారు."

అమ్మ నావైపు తిరిగింది. "మనింటికొచ్చినోళ్లను ఎట్ల పంపిస్తాం? ఫ్యాను ఆపు."

అత్తలు కొంగులతో విసురుకుంటూ పాట ఎత్తుకున్నారు. ఆమెన్ అయ్యాక అమ్మ నా వెనక నిలబడింది.

"అన్నం తిన్నారేమో అడుగు."

"యుద్ధంలో ఉన్నారమ్మా!"

"ఉంటే? అడుగు."

అందరి తెరల మీదా పడేట్టు కొట్టాను: "మా అమ్మ అడుగుతోంది, అన్నం తిన్నారా?"

అంతే! ఒక్కొక్కడూ కత్తి వదిలేసి టైపు చేయడం మొదలుపెట్టాడు. "తిన్నానమ్మా." "గోంగూర పప్పమ్మా." "మీరు తిన్నారా?" ఆ సందులో డ్రాగన్ ఒక్క ఊదు ఊది అందరినీ మాడ్చేసింది. అయినా ఒక్కడూ బయటికి పోలేదు. చచ్చి పడి ఉండి కూడా కూరల ముచ్చట్లు చెప్పుకున్నారు. నేను నవ్వలేక చచ్చాను.

అమ్మ కళ్లజోడు సవరించుకుని తెర చదివింది. "కొమరోలు పిల్లోడు పొద్దున్నుంచి తినలేదంట. రమ్మను."

"వాడు చచ్చిపోయినాడమ్మా!"

"చస్తే చచ్చినాడులే. కోడికూర ఉంది, బస్సెక్కమను."

సాయంత్రానికి వాడు మా గుమ్మంలో ఉన్నాడు. కాలేజీ వదిలాక వాణ్ణి ఎదురుగా చూడటం అదే మొదటిసారి.