మోటారు గోడ పక్కన ముసలి ఎలుకలు

ఆ పరిశోధనశాలలో ఆమెను అందరూ ఎలుకలమ్మ అనేవారు. ఇరవై ఆరేళ్లుగా పంజరాలు కడిగి, వాటిలో పరిచే పొట్టు మార్చి, ఎలుకలకు మేత పెడుతోంది. ఏ ఎలుకకు ఒంట్లో బాగాలేదో బొచ్చు చూసి చెప్పేస్తుంది.

ఆ ఏడు పెద్ద డాక్టరు ఒక ప్రయోగం తలపెట్టాడు. ఒత్తిడి పడితే మెదడులోని కాపలా కణాలు వాపు సంకేతాలు పంపుతాయి. అవి కుర్ర ఎలుకల్లో ఎంత, ముసలివాటిలో ఎంత అన్నది తేల్చాలి. కొన్నిటిని రోజూ కాసేపు ఇరుకు గొట్టాల్లో ఉంచారు. కొన్నిటిని పోలిక కోసం ఏ ఒత్తిడీ పెట్టకుండా ఊరికే వదిలేశారు.

లెక్క తేలాక చూస్తే, ఊరికే వదిలేసిన ముసలి ఎలుకల మెదళ్లలో కూడా ఆ సంకేతాలు విపరీతంగా ఉన్నాయి.

"ముసలితనమంటే ఇంతే. ఏమీ చేయకపోయినా మెదడు మండుతూనే ఉంటుంది," అన్నాడు డాక్టరు సమావేశంలో.

వెనక బల్ల మీంచి ఎలుకలమ్మ లేచింది. "ఏమీ చేయకపోవడమేంటి సార్? వాటిని పెట్టింది ఏసీ మోటారు ఉన్న గోడ పక్కన. మూణ్ణెల్లుగా బొచ్చు నిక్కబొడుచుకుని ఒక మూలకే ముడుచుకున్నాయి. కుర్రవేమో అవతలి గదిలో హాయిగా ఉన్నాయి. మూడుసార్లు రాసిచ్చాను."

"మీ పని మేత పెట్టడం."

"అందుకే చెబుతున్నా. అవి తిన్నాయో లేదో నాకే తెలుసు."

అన్ని గదులూ ఒకేలా ఉన్నాయని రాసిన కాగితం మర్నాడు ఆమె ముందుకొచ్చింది. ఆమె సంతకం పెట్టనంది.

"రెండేళ్లలో రిటైరయ్యేవారు, ఎందుకమ్మా ఈ పంతం?" అన్నాడు డాక్టరు.

"పంతం పట్టేది ఇప్పుడు కాక ఇంకెప్పుడు సార్?"

ఆమె పెద్ద డాక్టరు దగ్గర పనిచేసే చిన్న డాక్టరమ్మను ముసలి ఎలుకల గదికి తీసుకెళ్లి, అరచేయి గోడకు ఆనించి చూడమంది. గోడ సన్నగా అదురుతోంది. డాక్టరమ్మ శబ్దం కొలిచే యంత్రం తెచ్చింది. మనుషుల చెవికి అందని, ఎలుకలకు మాత్రం వినిపించే కీచు అందులో పట్టుబడింది. ఇక పెద్ద డాక్టరు కాదనలేకపోయాడు.

కొత్త ఎలుకలతో ప్రయోగం మళ్లీ మొదలైంది. ఈసారి గదులు ఎలుకలమ్మే ఎంచింది. ఊరికే వదిలేసిన ముసలివాటిలో సంకేతాలు కుర్రవాటికన్నా కాస్తే ఎక్కువ. ఒత్తిడి పెట్టినప్పుడు మాత్రం పెరిగినవి సద్దుమణగడానికి చాలా రోజులు పట్టింది.

"వయసు మీదపడితే మెదడు తేలిగ్గా కోలుకోదు," అని రాశాడు పెద్ద డాక్టరు.

"కోలుకుంటుంది కదా సార్," అంది ఆమె, మేత బకెట్టు ఎత్తుకుంటూ. "ముందు అది రాయండి."

ఆయన ఆ వాక్యం కొట్టేసి, 'కోలుకుంటుంది' అని మొదలుపెట్టాడు.