తాడు విప్పని పన్సుల్

ఎవరైనా తొందరపడితే చాలు, దానికొక పోలిక చెప్పకపోతే ఓక్ పన్సుల్‌కి ఆ పూట అన్నం సయించేది కాదు.

కొరియాలోని తోంగ్యంగ్ రేవులో, దీవికి వెళ్లే ఆఖరి పడవ తాడు విప్పడం ఆయన పని. తాడు చేత్తో పట్టుకుని పోలికలు మాత్రమే విప్పేవాడు. కెప్టెన్ తక్ గిహోకేమో ఒంట్లో రక్తానికి బదులు డీజిల్ పారుతుందని దీవిలో చెప్పుకునేవారు. అలాంటివాడికి ఇలాంటివాడు తగిలాడు.

"బాబాయ్, టైమైంది. తాడు విప్పు" అనేవాడు గిహో.

"విప్పుతాలే. నీ తొందర చూస్తుంటే మా బావమరిది గుర్తొస్తున్నాడు. కొడుకు పెళ్లిచూపులకి వెళ్లగానే మనవడికి చెప్పులు కొన్నాడు. సంబంధం తప్పిపోయింది. ఆ చెప్పులు కుక్కపిల్లకి తొడిగితే, అది సిగ్గుపడి నెల్లాళ్లు వీధిలోకి రాలేదు."

మర్నాడు అదే బావమరిది ఆల్చిప్ప నోరు తెరవకముందే కొరికి పన్ను విరగ్గొట్టుకునేవాడు. ఆ మర్నాడు, పొద్దున ఉప్పులో వేసిన క్యాబేజీని మధ్యాహ్నానికే ఊరిన కిమ్చీ పచ్చడి అని వడ్డించి వియ్యంకుణ్ణి పోగొట్టుకునేవాడు. పన్సుల్ భార్యకు అసలు అన్నదమ్ములే లేరని రేవులో అందరికీ తెలుసు. అయినా ప్రయాణికులు ఆ బావమరిది క్షేమం కనుక్కునే పడవెక్కేవారు. గిహో ఒక్కడే పళ్లు నూరేవాడు.

ఒక సాయంత్రం గాలి ముదిరింది. గిహో ఓపిక నశించి, రేవు మీదికి దూకి తాడు లాక్కోబోయాడు. పన్సుల్ తాడు వదల్లేదు, మాటా ఆపలేదు. గుడ్డులో ఉన్న కోడిపిల్లను పేరు పెట్టి పిలిచిన బావమరిది గురించి చెబుతున్నాడు గానీ, చూపు మాత్రం గిహో భుజం మీదుగా ఎక్కడికో పోతోంది. గిహో వెనక్కి తిరిగాడు.

బస్సు దిగి, దీవిలో అందరూ అమ్మమ్మా అని పిలిచే మల్సున్ కర్ర ఊతంగా వాలు దిగుతోంది. పట్నం ఆసుపత్రిలో మంచాన పడ్డ తన ముసలాయనకు రోజూ అన్నం తినిపించి వస్తుంది. ఈమధ్య బస్సు వేళ మారింది, పడవ వేళ మారలేదు. పడవ తప్పితే ఆమెకు రేవులో బల్ల మీదే తెల్లవారాలి. పోనీ ఆమె కోసం ఆపుదామంటే, పాత కెప్టెన్ ఒకసారి అలా ఆపాడని తెలిసి, ఒకరి జాలి అక్కర్లేదని పడవెక్కకుండా వెనక్కి వెళ్లిపోయిన మనిషి.

"ఇవాళా ఆలస్యమేనా? ఈ పన్సుల్ నోటికి కుట్లు వేస్తే గానీ ఈ పడవ వేళకు కదలదు" అని తిడుతూ ఎక్కిందామె.

పన్సుల్ తలొంచుకుని తిట్లన్నీ తిని, తాడు విప్పాడు. అప్పట్నుంచి గిహో టైమైందనడం మానేశాడు.

చలి ముదిరాక పన్సుల్‌కి గొంతు పోయింది. ఆ సాయంత్రం తాడు పట్టుకుని నోరు తెరిస్తే, గాలి తప్ప మాట రాలేదు. వాలు మీద ఇంకా ఎవరూ లేరు. గిహో ఆయన ముఖం చూసి ఇంజన్ ఆపేశాడు. వేడెక్కిందనీ, చల్లారాలనీ ప్రయాణికులకు చెప్పాడు. ఆ చలిలో ఆ మాట ఎవరూ నమ్మలేదు. అయినా అందరూ వాలు వైపే చూస్తూ కూర్చున్నారు.

అమ్మమ్మ వచ్చి, సంగతి విని, కెప్టెన్‌ని ఎగాదిగా చూసింది.

"ముసలాడి నోరు మూతపడిందనుకుంటే, ఇప్పుడు నీ ఇంజన్ మొదలెట్టిందా? ఆ పాత డబ్బా అమ్మేసి కొత్తది కొనవయ్యా."

"కొంటాన్లే అమ్మమ్మా" అన్నాడు గిహో, ఆమెకు చెయ్యందిస్తూ.

రేవు మీద పన్సుల్ భుజాలు ఎగిరెగిరి పడేలా, చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు.