కాషాయం అంచు

డెబ్బైల్లో వన్ టౌన్‌లో మాకు చేనేత బట్టల కొట్టు ఉండేది. మధ్యాహ్నం బేరాలు తగ్గగానే నాన్న కొట్టు గుమాస్తాకి అప్పజెప్పి స్వాముల దగ్గరికి బయల్దేరేవాడు. ఊళ్లోకి వచ్చిన ఏ స్వామినీ వదిలిపెట్టలేదు. రాత్రి అన్నాల దగ్గర ఆత్మ గురించి మొదలుపెడితే నాకు ఒళ్లు మండేది.

ఓసారి పటమటలో బస చేసిన ఒక ముసలి స్వామి దగ్గరికి నన్నూ లాక్కెళ్లాడు. కాళ్లకు దణ్ణం పెట్టి, "నేనెవరో తెలుసుకునే దారి చూపించండి స్వామీ" అన్నాడు. అంటూనే స్వామి కట్టుకున్న కాషాయం అంచు రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపాడు. నేతవాళ్లు తెచ్చిన ప్రతి బట్టనీ కొట్లో అలాగే నలిపి చూసేవాడు.

"గుడ్డ ఎలా ఉంది నాయనా?" అని అడిగారు స్వామి.

"మగ్గం గుడ్డే స్వామీ, గంజి కాస్త ఎక్కువైంది" అన్నాడు నాన్న తడుముకోకుండా. తర్వాత తన చేయి చూసుకుని బిగుసుకుపోయాడు.

స్వామి హాయిగా నవ్వారు. "ఇప్పుడు జవాబు చెప్పింది ఎవరో, ముందు ఆయన్ని పట్టుకో."

మర్నాడు మధ్యాహ్నం నాన్న కొట్టు వదిలి కదల్లేదు. చీర అంచు నలుపుతూ, మధ్యలో ఆగి, తన వేళ్లకేసి చూసుకుని నవ్వుకుంటున్నాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ చీర తెచ్చిన నేతాయన మాత్రం, నేతలో ఏం తప్పు దొరికిందోనని బిక్కమొహం వేశాడు.