తోడల్లుడికి దక్కిన సముద్రం

చరిత్ర మాస్టారికి తోడల్లుడంటే ఎప్పుడూ పడేది కాదు గానీ, ఆ శనివారం మాత్రం కడుపు భగ్గున మండింది.

పదకొండేళ్లుగా గ్రంథాలయం మేడమీది హాల్లో నెలనెలా ఊరి చరిత్ర మీద, సముద్రం మీద, కళల మీద ఉపన్యాసాలు జరుగుతున్నాయి. చరిత్రా మాస్టారిదే, సముద్రమూ మాస్టారిదే. కళలు మాత్రం పెద్దమనసు చేసుకుని ఇతరులకు వదిలేసేవారు. ఆయన మాట్లాడితే పాతికమంది వచ్చేవారు, అందులో నలుగురు కునుకు తీసేవారు. అలాంటిది, వచ్చే ఏడాది సముద్రం ఉపన్యాసాలన్నీ ఒక్కరికే ఇస్తామనీ, తోడల్లుడి మాటలు కూడా విన్నాకే తేలుస్తామనీ కార్యదర్శి అనేశాడు. తోడల్లుడంటే ఎవరు? నిన్నగాక మొన్నటిదాకా రేవులో పడవ ఇంజన్లు విప్పుకుంటూ గ్రీజు చేతులతో తిరిగినవాడు. ఏకు మేకై కూర్చుంది.

ఆ రోజు కుర్చీలు చాల్లేదు. కిటికీ గట్ల మీద కూడా జనమే. తోడల్లుడి చేతిలో కాగితం ముక్క లేదు, తాడుకు కట్టిన సీసం గుండు ఒకటుంది.

"దీని అడుగున ఈ గుంటలో కొవ్వు పూసి నీళ్లలోకి వదిలేవాళ్లండీ. పైకి లాగి, ఇసుక అంటిందా, బురద అంటిందా చూసి పడవ ఎక్కడుందో చెప్పేవాళ్లు. మా నాన్నయితే వాసన చూసి చెప్పేవాడు" అంటూ గుండును జనంలోకి పంపాడు.

అది తిరిగి తిరిగి మాస్టారి ఒళ్లోకి వచ్చింది. ఆయన చూడకుండానే పక్కకు నెట్టేశారు.

"ఎంత బాగా చెప్తున్నాడండీ మా మరిది!" అంది పక్కనున్న భార్య.

మాస్టారు పెన్ను తీసి, కోడిగుడ్డు మీద ఈకలు పీకడానికి కూర్చున్నారు. అరగంటకు ఒక ఈక దొరికింది. ప్రశ్నలు అడగమనగానే లేచి గొంతు సవరించుకున్నారు.

"తమ్ముడూ, వినడానికి బాగానే ఉంది. కానీ తేదీలు తెలియకుండా చరిత్ర చెప్పకూడదు. లైట్‌హౌసు వెలిగింది నువ్వన్నట్టు పెద్ద వరద వచ్చిన ఏడాది కాదు, ఆ మరుసటేడాది. నీకెవరు చెప్పారా మాట?"

తోడల్లుడు జేబులోంచి నలిగిన నోటుపుస్తకం తీసి పేజీలు తిప్పాడు. ఒకచోట వేలు ఆగింది. ముందు వరసలో నిలబడ్డ మాస్టారికి ఆ పేజీ పైన 'అన్నగారి ఉపన్యాసం' అన్న పెద్ద అక్షరాలు కనిపించాయి. ఆరేళ్ల కిందట ఈ హాల్లోనే ఆ తప్పు చెప్పింది తానేనని అప్పుడు గుర్తొచ్చింది. తేలుకుట్టిన దొంగలా కుర్చీలో కూలబడ్డారు.

తోడల్లుడు ఒకసారి ఆయన వంక చూసి పుస్తకం మూసేశాడు.

"నేనే తప్పు రాసుకున్నానండీ. అన్నగారు చెప్పిందే సరి. నాకు చరిత్ర నేర్పిందే ఆయన."

హాలంతా చప్పట్లు. కార్యదర్శి వెళ్లి తోడల్లుడి చెయ్యి పట్టుకుని, వచ్చే ఏడాది సముద్రం నీదేనని అక్కడికక్కడే చెప్పేశాడు.

"పోనీలెండి, మీ పరువు నిలబెట్టాడు" అంది భార్య, మెట్లు దిగుతూ. ఆమె కూడా ఆ పేజీ చూసిందన్నమాట.

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. సముద్రం పోతే పోయింది, మంచితనం కూడా వాడికే దక్కాలా? వాడి స్థానంలో తానుంటే ఆ పేజీ హాలంతా వినేలా చదివేవారు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. అందుకే తోడల్లుణ్ణి క్షమించలేకపోయారు.