నాయనమ్మ పడుకుని చూసిన కారు

మా అక్క కూతురు లావణ్య మొన్న పాత కారొకటి కొనుక్కుంది. ఫోనులో బొమ్మలు చూసింది, ఫోనులోనే బేరం చేసింది, ఇంట్లో వాళ్ళకు తెలిసేసరికి కారు వాకిట్లో నిలబడి ఉంది. ఆదివారం నన్ను ఎక్కించుకుని మొయినాబాద్ మీదుగా చేవెళ్ళ వైపు బయలుదేరింది. తలుపు మూయగానే అద్దం దగ్గర వేలాడే సెంటు సీసా ఘాటు ముక్కుకు కొట్టింది. ఆ ఘాటు కింద నుంచి ఎండకు కాగిన సీటు వాసన, ఎవరిదో తలనూనె వాసన, ఎప్పుడో ఒలికి ఎండిన పాల వాసన మెల్లగా పైకి తేలాయి. ఆ వాసన నన్ను మా బాపు కొన్న కారులోకి, కొత్తిమీర కట్టల నడుమకి, మోకాళ్ళు ముడుచుకుని వెనక సీటు మీద పడుకున్న మా నాయనమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

మా ఊరు మొయినాబాద్‌కూ చేవెళ్ళకూ నడుమ, రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉండేది. చలికాలంలో తెల్లవారక ముందే మడిలో కూర్చుని కొత్తిమీర పీకితే వేళ్ళు కొంకర్లు పోయేవి, మధ్యాహ్నం జొన్నరొట్టె తినేటప్పుడు కూడా ఆ వాసన చేతిని వదిలేది కాదు. ఎండాకాలంలో ఎర్రమట్టి అరికాళ్ళను కాల్చేది. వానాకాలంలో టమాటా చేలు తడి ఆకు వాసనతో మత్తెక్కించేవి. ఉగాదికి అమ్మ భక్షాలు చేస్తుంటే పొయ్యి చుట్టూ చేరి నెయ్యి చుక్క కోసం కాచుకునేవాళ్ళం. ఓనగుంటలు, కచ్చకాయలు, పాత టైరును పుల్లతో కొడుతూ ఊరి చివరిదాకా పరుగెత్తడం మా ఆటలు. నన్ను బడికి పంపలేదు. అక్షరాలు నేర్చుకున్నది ఇద్దరు పిల్లల తల్లినయ్యాక. అందుకే కాబోలు, ఆ రోజులన్నీ నాకు వాసనలుగా, చప్పుళ్ళుగానే గుర్తున్నాయి.

అవి కంప్యూటర్ కొలువుల రోజులు. గండిపేట చుట్టూ గేట్లున్న ఇళ్ళు లేచాయి, ఎడ్లబండ్లు నడిచిన దారుల్లో కొత్త కార్లు తిరిగేవి. చక్కగా నడిచే పాత కారును అమ్మేసి ఇంకా పెద్దది కొనుక్కునేవాళ్ళను చూసి మా ఊళ్ళో వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. మేము మాత్రం కారు కావాలని ఎన్నడూ అనుకోలేదు. కారు కొనకముందటి వానాకాలంలో మా అక్క యాదమ్మకు నొప్పులొచ్చినప్పుడు బస్సు దొరకలేదు, ఊళ్ళో ఉన్న ఒక్క ఆటో చిల్కూరు గుడికి పోయేవాళ్ళను ఎక్కించుకుని వెళ్ళిపోయింది. అక్కను నులకమంచం మీద రోడ్డుదాకా మోసి, వచ్చే పోయే లారీలకు చేతులెత్తి, ఎట్లాగో దవాఖానకు చేర్చేసరికి బిడ్డ దక్కలేదు. అక్కకు మళ్ళీ నెల తప్పిందని తెలిసిన రోజు బాపు అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండా లేచాడు. “ఈసారి బండి మన వాకిట్ల ఉండాలె,” అన్నాడు. రెండు బర్రెలను అమ్మేశాడు. ఆ పైసల్లోనే కారు రావాలి, ఆ మీద అది తాగే పెట్రోలు మా కొత్తిమీర మీదే తీరాలి.

బాపుకు ట్రాక్టరు నడపడం వచ్చు, కానీ ఏ వస్తువు కొనాలన్నా తల్లిని వెంట పెట్టుకుని పోయేవాడు. మా నాయనమ్మ పొట్టి మనిషి, గొంతు మాత్రం మూడు చేల అవతలికి వినిపించేది. ఏ ఇంటివాళ్ళు పశువును కొన్నా ముందు ఆమెకు చూపించేవాళ్ళు. ఆమె వెళ్తే తోకగా నేనూ వెళ్ళేదాన్ని. మొదట శంకర్‌పల్లిలో ఒక కిరాణా సేటు డీజిల్ కారు చూశాం. పొడుగ్గా, తెల్లగా, పెళ్ళికొడుకు ఎక్కే బండిలా ఉంది. బాపు దాని చుట్టూ తిరుగుతుంటే నాయనమ్మ చెప్పులు విప్పి, వెనక తలుపు తీసి, సీటు మీద వెల్లకిలా పడుకుంది.

సేటు నవ్వాపుకోలేకపోయాడు. “ఏందవ్వా, కారు కొంటానికొచ్చినవా, మంచం కొంటానికొచ్చినవా?”

“రెండు ఒక్కదాంట్లనే రావాలె సేటూ. నా మనుమరాలు నా ఎత్తే ఉంటది,” అంది ఆమె పడుకునే. “గిది తాగుడెంత?”

“డీజిలే కదా, ఫికర్ చెయ్యకు.”

“నీళ్ళైనా సరే, ఎంత తాగుతదో చెప్పు.”

సేటు చెప్పిన లెక్క విని లేచి కూర్చుంది. పైగా దానికి జబ్బు చేస్తే పట్నంలో ఒక్కచోటనే మరమ్మతు చేస్తారట. “ఏనుగును కట్టేసుకుంటే మేపుడెట్లరా?” అంది బాపుతో. చేవెళ్ళలో చూసిన ఎర్ర కారు ధర మరీ తక్కువ. నాయనమ్మ కాళ్ళ కింది పట్టా ఎత్తి ముక్కు పెట్టింది. “చెరువుల మునిగింది గిది. బురద వాసనొస్తున్నది,” అని వెనుదిరిగింది. అమ్మేవాడు ఎంత పిలిచినా ఆగలేదు.

మూడోది గండిపేటలో, కంప్యూటర్ కొలువు చేసే ఒకాయన ఇంట్లో. చిన్న కారు, బూడిద రంగు, రోడ్డు మీద పది కనిపిస్తే అందులో సగం అవే. అదే నాయనమ్మకు నచ్చింది. “ఊరంత కట్టే ఎద్దునే కొనాలె. దానికేమైనా మందు తెలిసినోళ్ళు ఇంటికొకళ్ళుంటరు,” అంది. బర్రెను కొనేముందు రెండు పూటలు పాలు పితికి చూసినట్టు, సాయంత్రం ఒకసారి నడిపించి, మళ్ళీ పొద్దున, వాళ్ళింకా కారు తీయకముందే వెళ్ళి, చల్లగా ఉందో లేదో ముందు రేకు మీద చెయ్యి పెట్టి చూసి, అప్పుడు స్టార్టు చేయమంది. ఒక్క తిప్పుకే అందుకుంది. ఇక పడుకుంది. కాళ్ళు చాపితే తలుపుకు తగిలాయి.

“పట్టదవ్వా,” అన్నాడు బాపు దిగులుగా.

నాయనమ్మ మోకాళ్ళు ముడిచింది. “పడుతది. నొప్పులొచ్చిన పిల్ల కాళ్ళు చాపుకొని పంటదారా? నీకేం తెల్వది, పో, బేరం చెయ్యి!”

బాపు, ఆ కొలువాయన కాయితాల మీద సంతకాలకు లోపలికి వెళ్ళారు. ఆయన తల్లి జనగామ వైపు రైతుల బిడ్డ. మా ఇద్దరికీ చాయ్ తెచ్చి మెట్ల మీద కూర్చుంది. మా దగ్గర పశువును అమ్మితే పలుపు ఇవ్వరు. అమ్మినవాళ్ళు తమ తాడు విప్పుకుంటారు, కొన్నవాళ్ళు తమ తాడు కట్టుకుని తోలుకుపోతారు. తాడుతో పాటు ఆ ఇంటి పాడి వెళ్ళిపోకూడదని. నాయనమ్మ కారు వెనక డిక్కీ తీయించింది. అందులో ఒక చక్రం, దాని పక్కన ఇనుప సామాను.

“కింద నాలుగున్నయి గద! గిది మీ ఇంటిది. మీ పలుపు మీ ఇంట్లనే ఉండాలె అక్కా,” అంది.

“మా తాన గూడ గంతే. గిన్నేండ్లకు తెలిసినోళ్ళొచ్చిన్రు,” అని ఆమె మురిసిపోయింది. ఇనుప సామాను ఆమె లోపల పెట్టుకుంది, ఆ చక్రాన్ని మెట్ల కిందికి దొర్లించే పని నాకు దొరికింది. అంత మంచి టైరుతో నేనెన్నడూ ఆడలేదు. బాపు బయటికొచ్చేసరికి డిక్కీ మూసి ఉంది, ఇద్దరు ముసలమ్మలు ఒకరికొకరు బొట్టు పెట్టుకుంటున్నారు. ఆ తర్వాత ఆ డిక్కీలో ఎప్పుడూ కొత్తిమీర, టమాటా పెట్టెలే. దాని అడుగు చూసే తీరిక బాపుకు దొరకలేదు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం అక్కకు నొప్పులు మొదలయ్యాయి. కారు ఒక్క తిప్పుకే లేచింది. అక్క మోకాళ్ళు ముడుచుకుని, అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని వెనక సీటులో సరిగ్గా పట్టింది. ముందు సీటులో నాయనమ్మ, ఆమె కాళ్ళ దగ్గర నేను. చేవెళ్ళ దవాఖాన ఇంకా దూరం ఉండగానే కారు ఒక పక్కకు లాగి, తపతపమని కొట్టుకుంది. బాపు దిగి చూసి, డిక్కీ తెరిచి, పెట్టెలన్నీ రోడ్డు మీదికి విసిరేశాడు.

“అవ్వా! ఇండ్ల చక్రమేది?”

నాయనమ్మ గొంతు మొదటిసారి చిన్నదైంది. “పలుపు గదరా... వాళ్ళకే ఇచ్చిన.”

బాపు ముఖం తుడుచుకుని రోడ్డు నడిమధ్యకు వెళ్ళి చేతులు చాచి నిలబడ్డాడు. వెనక సీటులో అక్క నిరుడు అరిచినట్టే అరుస్తోంది. ఒక పెద్ద కారు బాపును తప్పించుకుని పోయింది. తరువాత వికారాబాద్ కొండలకు షికారు పోతున్న ఒక కుటుంబం ఆగింది. వాళ్ళ కారు కూడా మాదే రకం, రంగు ఒక్కటే తేడా. ఆయన సంగతి విని చక్రం తీసిచ్చాడు, నట్లు తిప్పే పానా ఇచ్చాడు, కారు లేపే జాకీ మాత్రం సామాన్ల కింద ఎక్కడో ఇరుక్కుని దొరకలేదు. ఆ పక్క చేలో టమాటాలు తెంపుతున్న ఆడవాళ్ళు అప్పటికే గెట్టు దాటి వచ్చారు.

“జాకీ ఏందన్నా, మేం లేమా?” అంది వాళ్ళలో ఒకామె కొంగు బిగిస్తూ. “పట్టుండ్రే! మీ మొగుళ్ళను లేపినట్టు కాదు, జర గట్టిగ పట్టుండ్రి!”

నవ్వుతూనే పట్టారు. టమాటా ఆకు పసరుతో నల్లబడిన చేతులు కారు అంచు కింద వరుసగా దూరాయి. లోపల అక్క, అమ్మ ఉండగానే కారు ఒక మూల గాలిలోకి లేచింది. నాయనమ్మ కూడా వాళ్ళ మధ్య దూరి, పళ్ళు బిగించి, పాదాలు మట్టిలో తన్నిపట్టి నిలబడింది. బాపు పాత చక్రం ఊడదీసి కొత్తది ఎక్కించేదాకా వాళ్ళు దించలేదు. ఆ ఆడవాళ్ళలో ఎవరి పేరూ మేమడగలేదు. చెట్లకింద పెట్టిన వాళ్ళ పిల్లల ఏడుపు మాత్రం మేము కదిలేటప్పుడు వినిపించింది.

పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. పసిదాని గొంతు బయటికి వినిపించగానే నాయనమ్మ దవాఖాన మెట్ల మీద కూలబడి, అప్పుడు ఏడ్చింది. మరుసటి వారం బాపు గండిపేటకు వెళితే, ఆ జనగామ అమ్మ మా చక్రం మధ్యలో గులాబీ కుండీ పెట్టుకుని ఉంది. సంగతి తెలిసి కుండీ తీసేసి, చక్రం, ఇనుప సామానుతో పాటు పసిదానికి గౌను గుడ్డ, మా నాయనమ్మకు రవికె గుడ్డ పంపింది. చక్రమిచ్చినాయన ఆ రోజు చెప్పిన ఇంటి గుర్తులతో వెతికి ఆయనది ఆయనకు చేర్చాం. ఆ కారులో ఆ తర్వాత మా ఊరి నుంచి ఎందరు గర్భిణులు దవాఖానకు వెళ్ళారో. బాపు ఎవరి దగ్గరా కిరాయి తీసుకోలేదు.

ఆ పసిదే లావణ్య.

నాయనమ్మ లేదు, ఆ కారూ లేదు. కొత్తిమీర మళ్ళలో ప్లాట్లకు రాళ్ళు పాతారు. ఈ ఆదివారం చేవెళ్ళ ఇంకా కొంత దూరం ఉందనగా లావణ్య కారు నెమ్మది చేసింది.

“చిన్నమ్మా, కారు లేపింది ఏడనే?”

అద్దం దించి చూశాను. రోడ్డుకు ఆ పక్కంతా పొడుగాటి గోడ, గోడ మీద పాకించిన పూలతీగ, మధ్యలో మూసిన గేటు. చేను లేదు, గెట్టు లేదు, కొంగు బిగించుకుని దాటి వచ్చే మనుషులు లేరు. అద్దాలెత్తిన కార్లు హారన్ కొడుతూ మమ్మల్ని దాటిపోతున్నాయి.

“గీ పక్కనే అనుకుంట,” అన్నాను.

లావణ్య కారు పక్కకు తీసి ఆపింది. దిగి, గోడ దాకా నడిచి, దాని మీద అరచెయ్యి ఆనించి, వచ్చే పోయే కార్లన్నీ చూస్తుండగా కాసేపు అలాగే నిలబడింది.